రాత్రి మూడింటి మెలకువ, నా సాయంత్రాలు

దాదాపు ఏడాదిన్నర పాటు నేను వారంలో నాలుగైదు రోజులు రాత్రి మూడింటికి లేచాను. అలారం లేదు, చప్పుడు లేదు, పీడకల కూడా లేదు. ముందు గుండె దడదడ, ఆ వెంటనే ఛాతీలో మొదలై మెడ మీదుగా మొహం దాకా పాకే వేడి, దుప్పటి తన్నేసి లేచి కూర్చునేలోపు నైటీ తడిసి వీపుకి అంటుకుపోయేది. రెండు మూడు నిమిషాల్లో వేడి దిగిపోయి, చెమట ఆరుతుంటే చలి పుట్టేది, తన్నేసిన దుప్పటిని మళ్ళీ చీకట్లో వెతుక్కోవడం. మొత్తం కలిపి ఐదు నిమిషాల తతంగం. కానీ ఆ తర్వాత ఐదింటిదాకా కన్ను మూతపడేది కాదు. ఆ రెండు గంటలూ నేను పుట్టినప్పటినుంచి చేసిన తప్పులన్నీ వరసగా గుర్తుచేసుకునేదాన్ని. ఎప్పుడో పదేళ్ళ కిందట ఒక స్నేహితురాలి మెసేజ్‌కి జవాబివ్వలేదని కూడా ఒక రాత్రి కుమిలిపోయాను.

అప్పటికి నాకు నలభై ఆరు. ఆఫీసు టెన్షన్ అనుకున్నాను. ఎవరైనా అదే అనుకుంటారు కదా. నెలసరి అప్పుడప్పుడు ఇరవై మూడు రోజులకే వచ్చేయడం, ఒకసారి నలభై రోజులు దాటడం, వచ్చినప్పుడు మునుపెన్నడూ లేనంతగా అవడం, ఇవన్నీ గమనిస్తూనే ఉన్నాను కానీ రాత్రి మెలకువతో కలిపి చూడలేదు. మధ్యాహ్నం మీటింగులో తెలిసిన మనిషి పేరు నోటికి రాక తెల్లమొహం వేశాను, ఇంటికొచ్చి ఏమీ లేని విషయానికి మా ఆయన మీద అరిచాను, ఐదు నిమిషాల తర్వాత బాత్రూంలో కూర్చుని ఏడ్చాను. మతిమరుపు, కోపం, ఏడుపు, చెమటలు, ఇన్నీ ఒకే తాడుకి కట్టి ఉన్నాయని ఎవరూ చెప్పలేదు మరి.

డాక్టరమ్మ చెప్పారు, ఇది మెనోపాజ్‌కి, అంటే నెలసరి పూర్తిగా ఆగిపోవడానికి, ముందు దశ అని. థైరాయిడ్, రక్తహీనత పరీక్షలు రాసి, హార్మోన్ల పరీక్ష మాత్రం అక్కర్లేదన్నారు. నాకు కొంచెం అనుమానం వేసింది, అసలు చూడాల్సిందే అది కదా అని. నలభై ఐదు దాటినవాళ్ళలో లక్షణాలు, నెలసరి తీరు చూసే తేల్చేస్తారట, ఎందుకంటే ఈ దశలో ఎఫ్‌ఎస్‌హెచ్ అనే, అండాశయాలని నడిపించే హార్మోను ఇవాళ ఒకలా, వచ్చే వారం ఇంకోలా ఉంటుంది, ఒక్కరోజు రక్తం తీసి చూస్తే ఏమీ తెలియదు. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు తయారుచేసే నైస్ సంస్థ కూడా 2015 నుంచి ఇదే చెప్తోందని తర్వాత చదివాను. థైరాయిడ్ ఎందుకు చూశారంటే, అది ఎక్కువగా పనిచేసినా ఇవే చెమటలు, ఇదే దడ, ఇదే నిద్రలేమి.

అప్పటిదాకా నా బుర్రలో మెనోపాజ్ అంటే యాభై దాటాక ఒకరోజు నెలసరి ఆగిపోవడం, అంతే. నిజానికి వరసగా పన్నెండు నెలలు నెలసరి రాకుండా ఉంటే, అప్పుడు వెనక్కి తిరిగి చూసుకుని ‘ఓహో, అదే ఆఖరిది’ అనుకోవాలి, దాని పేరు మెనోపాజ్. ఎక్కువమందికి 45, 55 ఏళ్ళ మధ్య ఎప్పుడో వస్తుంది. దానికి ముందు నడిచే గందరగోళం పెరిమెనోపాజ్. కొందరికి కొన్ని నెలలు, సగటున నాలుగేళ్ళు, కొంతమందికి ఎనిమిది పదేళ్ళు కూడా. ఈస్ట్రోజన్ అనే స్త్రీ హార్మోను మెల్లగా మెట్లు దిగినట్టు తగ్గిపోతుందనుకునేదాన్ని. అలా కాదట, ఉయ్యాలలా ఊగుతుంది, ఒక్కో నెల మామూలు కంటే పైకి కూడా పోతుంది. ఇంతలో అండం విడుదల కావడం అప్పుడప్పుడూ తప్పిపోతుంటుంది కాబట్టి, అది విడుదలయ్యాక తయారయ్యే ప్రొజెస్టెరాన్ అనే హార్మోను ముందుగా పడిపోతుంది. ఈ ప్రొజెస్టెరాన్ నుంచి ఒంట్లో తయారయ్యే ఒక పదార్థం మెదడుని జోకొట్టే పని చేస్తుందని తెలిసినప్పుడు, మా ఆయన మీద నా అరుపులకి ఒక సాకు దొరికినంత సంతోషం వేసింది.

ఆవిర్ల (హాట్ ఫ్లషెస్, అంటే ఉన్నట్టుండి ఒంట్లో పాకే ఆ వేడి) సంగతీ ఇలాంటిదే. మెదడులో హైపోథాలమస్ అని ఒక చోటుంది, ఒంటి వేడిని అదుపులో ఉంచేది అదే. మామూలప్పుడు ఒంటి వేడి కాస్త అటూ ఇటూ అయినా పట్టించుకోదు. ఈస్ట్రోజన్ ఊగులాట మొదలయ్యాక దానికి ఆ ఓపిక పోతుంది. చిటికెడు వేడి పెరిగినా ఒళ్ళు కాలిపోతున్నట్టు కంగారుపడి రక్తనాళాలు తెరిచి, చెమట పట్టించి, గుండెని పరుగెత్తిస్తుంది. అంటే ఆ రాత్రుళ్ళు నాకు జ్వరమూ లేదు, గుండెజబ్బూ లేదు. (అయినా దడ పగలు కూడా వస్తుంటే, కళ్ళు తిరుగుతుంటే, ఛాతీలో నొప్పి ఉంటే ‘ఇది హార్మోన్లే’ అని మనకి మనమే తీర్పు ఇచ్చుకోకూడదు. ఈసీజీ తీయించుకోవాలి. నేను తీయించుకున్నాను, బాగానే ఉంది.)

తెలిశాక ఊరుకున్నానా? లేదు. దొరికినవన్నీ కొన్నాను. మూలికల క్యాప్సూల్స్, ఏదో నూనె గుళికలు, చల్లటి జెల్ దిండు, శ్వాస వ్యాయామాల యాప్. డ్రాయర్ నిండిపోయింది. అందులో ఒకటి బ్లాక్ కోహోష్ అనే మూలిక, దానివల్ల అరుదుగానే అయినా కొందరికి కాలేయం దెబ్బతిన్న కేసులు నమోదయ్యాయని చదివి అదొక్కటీ వెంటనే పారేశాను. మిగతావి మెల్లగా వాటంతట అవే మూలపడ్డాయి.

తర్వాత చదివినది నన్ను కాస్త నీరుగార్చింది. అమెరికాలో ద మెనోపాజ్ సొసైటీ అని వైద్యులు, పరిశోధకుల సంఘం ఒకటుంది. హార్మోన్లు లేకుండా ఆవిర్లని తగ్గించే మార్గాల మీద 2023లో వాళ్ళొక ప్రకటన ఇచ్చారు. శ్వాస వ్యాయామాలు, యోగా, రిలాక్సేషన్, చల్లబరిచే ఉపాయాలు, సోయా, మూలికలు, కారం, కాఫీ మానేయడం, వీటివల్ల ఆవిర్లు తగ్గుతాయని చెప్పడానికి తగిన ఆధారాలు లేవు, అందుకని ఆ పని కోసం వీటిని సిఫారసు చేయడం లేదు అన్నారు. ఏ బ్లాగు తెరిచినా కనిపించే చిట్కాల జాబితా మొత్తం ఆ ‘సిఫారసు చేయం’ వైపే ఉంది. బాగుందన్న వైపు కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ (సీబీటీ, అంటే ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చుకోవడం నేర్పే మాటల చికిత్స), క్లినికల్ హిప్నాసిస్, కొన్ని మందులు, అధిక బరువు ఉంటే తగ్గడం లాంటివి ఉన్నాయి.

రెండ్రోజులు ఆ చికాకులోనే ఉన్నాను. మూడో రోజు రాత్రి, మూడింటికే, మెలకువగా పడుకుని లెక్కేశాను. ఆవిరి ఐదు నిమిషాలు. నిద్ర పట్టకపోవడం రెండు గంటలు. నన్ను పగలంతా పీనుగలా తిప్పుతున్నది ఐదు నిమిషాలదా, రెండు గంటలదా? ఆ ఐదు నిమిషాలు నా చేతిలో లేవు, సరే. ఆ రెండు గంటలతో ఏమైనా చేయొచ్చేమో చూద్దాం అనుకున్నాను. అక్కణ్ణుంచి సాయంత్రాల మీద పడ్డాను.

మొదట కాఫీ. ఐదింటికి ఆఫీసులో పెద్ద కప్పు తాగడం నాకు ఇరవై ఏళ్ళ అలవాటు. కెఫీన్ సగం కరగడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది, మనిషిని బట్టి అంతకంటే ఎక్కువే పట్టొచ్చు. అంటే పదింటికి పడుకునేసరికి సగం కప్పు ఇంకా నా ఒంట్లో తిరుగుతూనే ఉందన్నమాట. ముప్ఫై ఏళ్ళప్పుడు అది నన్నేం చేయలేదు, అప్పుడు నిద్ర గట్టిది. ఇప్పుడు ఆవిరి వచ్చి ఒకసారి కదిపితే చాలు, మిగతా పని కాఫీ చూసుకుంటుంది. మధ్యాహ్నం పన్నెండు తర్వాత మానేశాను. మొదటి వారం తలనొప్పితో చచ్చాను, అందరితో కస్సుబుస్సుమన్నాను, తర్వాత అలవాటైపోయింది. పొద్దుటి కప్పు జోలికి మాత్రం ఎవరొచ్చినా ఊరుకోను.

శనివారం రాత్రి తీసుకునే ఒక గ్లాసు వైన్ సంగతి కూడా చెప్పాలి, దాచడం ఎందుకు. అది తాగితే తొందరగా నిద్ర పట్టేది, నిజమే. కానీ దాని మత్తు దిగేది సరిగ్గా అర్ధరాత్రి దాటాకే, ఆ రెండో సగం నిద్ర ముక్కలు ముక్కలయ్యేది. రాత్రి నిద్ర ఎలా గడిచిందో రాసుకునే నా పుస్తకంలో నెల రోజుల రాతలు చూస్తే ఆదివారం తెల్లవారుజామున రాసుకున్నవే అన్నిటికంటే ఘోరంగా ఉన్నాయి. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

రాత్రి భోజనం తొమ్మిదిన్నర నుంచి ఏడున్నరకి తెచ్చాను. ఇది రాసినంత తేలిక కాదు, ఇంట్లో ముగ్గురు మూడు వేళల్లో వస్తారు. కొన్నాళ్ళు అందరికీ సర్దాలని చూసి విసిగి, ఒకరోజు ‘నాకు ఏడున్నరకి ఆకలేస్తుంది, నేను తినేస్తాను, మీరు వచ్చాక వడ్డించుకోండి’ అనేశాను. ఆకాశమేం ఊడిపడలేదు. పొట్ట నిండా తిని వెంటనే పడుకుంటే నాకు గుండెలో మంట, పడుకున్న గంటకే ఒళ్ళు వేడి. అది అరుగుదల వల్లా, ఆవిరి వల్లా అన్న తేడా ఆ నిద్రమత్తులో ఎవరికి తెలుస్తుంది. ఇప్పుడు రాత్రి తక్కువ తింటాను, కారం తగ్గించి తింటాను, పొద్దున గట్టిగా తింటాను.

తర్వాత స్నానం. ఇది నాకు అన్నిటికంటే వింతగా అనిపించింది, ఎందుకంటే ఒంట్లో వేడి ఎక్కువై లేస్తున్నదాన్ని వేడినీళ్ళు పోసుకోమంటే ఏమిటి అర్థం? కానీ నిద్రలోకి జారాలంటే ఒంటి లోపలి వేడి కొద్దిగా తగ్గాలి. గోరువెచ్చటి కంటే ఒక మెట్టు వేడిగా, నలభై డిగ్రీల పైచిలుకు నీళ్ళతో పది నిమిషాలు స్నానం చేస్తే చేతుల్లో, పాదాల్లో రక్తనాళాలు తెరుచుకుని లోపలి వేడి బయటికి పోతుంది, ఆ తర్వాత గంట రెండు గంటల్లో ఒళ్ళు చల్లబడి నిద్ర తొందరగా పడుతుంది. 2019లో ఇలాంటి పరిశోధనలన్నీ ఒకచోట చేర్చి చూసినవాళ్ళు కూడా పడుకోవడానికి గంట, రెండు గంటల ముందు చేస్తే మేలన్నారు. నేను ఎనిమిదిన్నరకి చేస్తాను. ఒకసారి ఆలస్యమై పదింటికి చేసి నేరుగా మంచమెక్కాను, పదిన్నరకి ఆవిరి. ఆ తప్పు మళ్ళీ చేయలేదు.

గదిలో చేసిన మార్పులు చిన్నవే. ఇద్దరికీ కలిపి ఉన్న పెద్ద దుప్పటి తీసేసి ఎవరి దుప్పటి వాళ్ళకి, అదీ నాకు పల్చటివి రెండు. మా ఆయన ముందు కొంచెం చిన్నబుచ్చుకున్నారు, తర్వాత వారానికే హాయిగా గుర్రు పెట్టారు, రాత్రంతా దుప్పటి లాక్కునేవాళ్ళు లేకపోతే ఎవరికైనా హాయే కదా. మంచం పక్కన కుర్చీ మీద ఒక పొడి కాటన్ నైటీ, తువ్వాలు, గ్లాసుడు నీళ్ళు. లైటు వేయకుండా, బీరువా తలుపు కిర్రుమనకుండా ఒక్క నిమిషంలో మార్చేసుకోవచ్చు. గడియారాన్ని గోడవైపు తిప్పేశాను, ఫోను హాల్లో పెట్టాను. మూడయిందని చూడగానే ‘ఇంకా మూడు గంటలే ఉంది’ అని మనసులో కూడికలు తీసివేతలు మొదలవుతాయి, ఆ లెక్కలే నన్ను సగం మేల్కొలిపేవి.

ఆ తప్పుల చిట్టా సంగతి. దానికి రాత్రి ఎనిమిదికి టైమిచ్చాను. పుస్తకం తీసి బుర్రలో తిరిగేవన్నీ రాస్తాను, పక్కనే రేపు దాని గురించి ఏం చేస్తానో ఒక్క ముక్క. ‘బ్యాంకు పని, పదకొండుకి ఫోన్ చేయాలి.’ ‘అమ్మాయి మార్కులు, ఏమీ చేయలేను, దాని చదువు దానిది.’ పది నిమిషాలు, మూసేస్తాను. మూడింటికి అదే ఆలోచన మళ్ళీ వస్తే, నీ పేరు ఎనిమిదింటికే రాసేశాను పో అంటాను. నవ్వుతారేమో గానీ పనిచేస్తుంది.

అన్నిటికంటే కష్టమైనదీ, అన్నిటికంటే లాభం ఇచ్చిందీ వేరే ఉంది. నిద్రలేమికి చేసే సీబీటీలో ఒక పద్ధతి. నిద్ర రాకపోతే మంచం మీద దొర్లకూడదు. ఇరవై నిమిషాలు గడిచినట్టు అనిపిస్తే లేచి వెళ్ళి మసక వెలుతురులో ఏదో విసుగు పుట్టించే పని చేసి, కళ్ళు మూతలు పడుతుంటేనే తిరిగి రావాలి. రాత్రి ఎలా గడిచినా పొద్దున లేచే టైము మారకూడదు, ఆదివారమైనా సరే. నిద్ర తక్కువైందని ముందు పడుకోకూడదు, మధ్యాహ్నం కునుకు తీయకూడదు. మొదటి రెండు వారాలు నరకం. కుర్చీలో కూర్చుని ఉతికిన బట్టలు మడతపెడుతూ ఇది కనిపెట్టినవాళ్ళని తిట్టుకున్నాను. నాలుగో వారానికి తేడా తెలిసింది, మంచం చూస్తే భయం పోయింది. ఆవిర్లు? వస్తూనే ఉన్నాయి, నా లెక్క ప్రకారం దాదాపు అన్నే. కానీ ఇప్పుడు లేస్తాను, నైటీ మార్చుకుంటాను, నీళ్ళు తాగుతాను, పడుకుంటాను. చాలా రాత్రులు పొద్దున్న కుర్చీ మీద తడిసిన నైటీ చూస్తే గానీ లేచినట్టు గుర్తుండదు. శ్వాస వ్యాయామం కూడా ఇక్కడే పనికొచ్చింది, వేడిని ఆపదు గానీ ఆ దడకి కంగారు పడకుండా పట్టి ఉంచుతుంది.

తిండి గురించి తెలిసినవాళ్ళు ఎక్కువ అడుగుతున్నారు కాబట్టి రాస్తున్నాను, కానీ అద్భుతాలేం లేవు. ఆవిర్ల కోసం ఏదో ఒక పదార్థం తినడం మానేశాను, ఒంటి కోసం తింటున్నాను. ఈస్ట్రోజన్ తగ్గేకొద్దీ ఎముకలు తొందరగా పల్చబడతాయి, కండ కూడా తగ్గుతుంది. అందుకే ప్రతి పూటా ఏదో ఒక ప్రోటీన్, గుడ్డో, చేపో, పప్పుధాన్యాలో, పెరుగో, సోయానో. సోయా ఆవిర్లు తగ్గిస్తుందా అంటే పరిశోధనలు అటూ ఇటూ చెప్తున్నాయి, నేను మంచి ప్రోటీన్ అని తింటున్నాను. కాల్షియం రోజుకి వెయ్యి మిల్లీగ్రాములు, స్త్రీలకి యాభై దాటాక 1200 అని అమెరికా లెక్క. గ్లాసుడు పాలలో సుమారు మూడు వందలు ఉంటుంది, మిగతా లెక్క మీరే వేసుకోండి. వారానికి రెండుసార్లు బరువులు ఎత్తుతున్నాను. సాయంత్రం ఆరులోపు మాత్రమే, రాత్రి చేస్తే నాకు ఒళ్ళు చల్లబడదు.

అసలు నా తిండిలో బయటపడ్డ లోపం వేరు. రక్తపరీక్షలో ఫెరిటిన్, అంటే ఒంట్లో దాచుకున్న ఐరన్, బాగా అడుగంటింది. ఎక్కువ రక్తస్రావం అయ్యే నెలలు వరసగా వస్తే జరిగేదదే. నా నీరసం, ఆయాసం, జుట్టు రాలడం మొత్తం హార్మోన్ల ఖాతాలో రాసేశాను, సగం ఐరన్‌దే. మాత్రలు వాడాను, భోజనంతో పాటు టీ తాగే అలవాటు మానేశాను, ఎందుకంటే టీ, కాఫీ ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వవు. మూడు నెలల్లో మెట్లెక్కితే ఆయాసం తగ్గింది. ఏ సాయంత్రపు అలవాటూ ఇది చేయలేకపోయేది. అందుకే గంటకో ప్యాడ్ తడిసిపోయేంత అవుతుంటే, నెలసరికీ నెలసరికీ మధ్యలో కనబడుతుంటే, ఏడాది ఆగిపోయాక మళ్ళీ కనిపిస్తే, ఆలస్యం చేయకుండా డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. ఇంకోటి, నెలసరి క్రమం తప్పింది కదా అని గర్భం రాదనుకోకండి. వస్తుంది.

హార్మోన్ థెరపీ, అంటే తగ్గిపోయే హార్మోన్లని మందుగా, తీసుకుంటున్నావా అని కూడా అడుగుతున్నారు. ఆవిర్లకి ఇప్పుడున్నవాటిలో బాగా పనిచేసేది అదే, అందులో సందేహం లేదు. అరవై లోపు ఉండి, రొమ్ము క్యాన్సర్, రక్తం గడ్డలు లాంటి అడ్డంకులు లేకపోతే చాలామందికి నష్టం కంటే మేలే ఎక్కువ. గర్భసంచి ఉన్నవాళ్ళు ఈస్ట్రోజన్ ఒక్కటే తీసుకోకూడదు, తోడుగా ప్రొజెస్టెరాన్ రకం మందు ఉండాలి. హార్మోన్లు వద్దన్నవాళ్ళకి, ఆ హైపోథాలమస్ మీదే పనిచేసే ఫెజోలినెటాంట్ అనే మందుకి 2023లో అమెరికా అనుమతి ఇచ్చింది, కాలేయ పరీక్షలు చేయించుకుంటూ వాడాలి. నేను ఇంకా ఏదీ మొదలుపెట్టలేదు, పెట్టనని ఒట్టూ వేసుకోలేదు. పగటి ఆవిర్లు ఇంకాస్త ముదిరితే వెళ్తాను. అన్నీ సహజంగానే తగ్గించుకోవాలని పంతం పట్టి నాలుగేళ్ళు నిద్ర లేకుండా గడిపే ఓపిక నాకు లేదు.

మధ్యలో ఒకరోజు అమ్మకి ఫోన్ చేసి అడిగాను, నీకూ ఇలాగే ఉండేదా అని. కాసేపు మాట్లాడలేదు. ‘ఉండేదే. అర్ధరాత్రి లేచి వంటింట్లో చల్లటి గచ్చు మీద పడుకునేదాన్ని. ఎవరికని చెప్తాం?’ అంది. నాకు గుర్తుంది ఆ గచ్చు మీద పడుకోవడం. నాకప్పుడు పదిహేడేళ్ళు, నీళ్ళ కోసం లేచి, ఇక్కడెందుకు పడుకున్నావమ్మా అని విసుక్కున్నాను కూడా.

ఆ పుస్తకం చివరి పేజీలో నెలసరి తేదీలు రాస్తున్నాను, పన్నెండు నెలల లెక్క కోసం. ఈ ఏడాది ఐదు నెలలు వరసగా రాలేదు, ఐదు టిక్కులు పెట్టుకున్నాను, కొంచెం గర్వంగా కూడా ఉంది. పోయిన మంగళవారం మళ్ళీ వచ్చింది. ఐదు టిక్కులూ కొట్టేసి కింద ‘1’ అని రాశాను.